చెవులు వదిలి వెళ్ళిన వాళ్ళు

మృదంగం ఒక్కటే మోగే ఘట్టం, తని ఆవర్తనం, మొదలవగానే సభలోని జనం అలవాటు ప్రకారం కాఫీకి లేస్తారు. ఎవరి చెవులు వాళ్ళు తీసి, కుర్చీలో పెట్టి మరీ వెళతారు. బస్సులో సీటుకి రుమాలు వేసినట్టే ఇదీ. చెవులున్న కుర్చీలో ఇంకొకరు కూర్చోరు. కాకినాడలో ఆ మాత్రం మర్యాద ఇంకా ఉంది.

ముందు వరసలో హైమావతి ఒక్కతే లేవదు. వేదిక మీద వాయిస్తున్నది ఆమె భర్త కామేశం. తనిలో లేచిపోయే జనాన్ని చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. అంత కాఫీ పిచ్చి ఉన్నవాళ్ళు హోటలుకే పోవచ్చు కదా, టిక్కెట్టు కొనడం దేనికి. ఆమె మటుకు ఇన్నేళ్ళలో ఒక్క కచేరీలోనూ ఆ సమయంలో లేచింది లేదు.

ఈ రాత్రి గాయకుడు రంగాచార్యులు గారు కూడా లేస్తారు. రెండు చెవులూ మైకు పక్కన పెట్టి, శాలువా సర్దుకుని, జనం వెనకాలే వెళ్ళిపోతారు. వయొలిన్ ఆయనా అంతే. శ్రుతిపెట్టె మాత్రం తన పాటికి తను మోగుతూ ఉంటుంది.

ఇది ఇబ్బందే. పాట సగంలో ఆగి ఉంది. మృదంగం ముక్తాయింపుకి, అంటే ముగింపు దరువుకి, రాగానే గాయకుడు పల్లవి ఎత్తుకోవాలి. ఎత్తుకునే దిక్కు లేకపోతే వాయించేవాడు ఆపడానికి వీల్లేదు.

కామేశం ముక్తాయింపు వాయించి పక్కకి చూస్తాడు. ఎవరూ లేరు. మళ్ళీ మొదలుపెడతాడు. రెండోసారి ముక్తాయింపుకి వచ్చేటప్పటికి ఆయన చూపుడువేలు మొదటి కణుపు దాకా లేదు. నెత్తురు రాదు, ఆయన మొహంలో నొప్పీ కనపడదు. సబ్బుబిళ్ళ అరిగినట్టు వేళ్ళు అరుగుతున్నాయి, అంతే. హైమావతి లేచి బయటికి పరిగెడుతుంది.

సభ వెనక వరండా ఆమె నడిచిన కొద్దీ పొడుగవుతుంది. స్తంభాలు ఒకటొకటే వచ్చి ముందు నిలబడతాయి. వయసులో పెద్దవి కనక తప్పుకోమనడానికి ఆమెకి నోరు రాదు. చుట్టి వెళుతుంది.

కాఫీ కొట్టు దగ్గర రంగాచార్యులు గారు గ్లాసు ఊదుకుంటున్నారు.

"ఆచార్యులు గారూ, ఆయన ముక్తాయింపుకి వచ్చేశారండీ. మీరు రావాలి."

ఆయన ఆమె పెదాలకేసి చూసి దయగా నవ్వుతారు. "పంచదార సరిపోయిందమ్మా."

ఆమె శాలువా పట్టుకుని లాగుతుంది. శాలువా వస్తుంది, ఆయన రారు. చుట్టూ ఉన్నవాళ్ళందరి చెంపలూ నున్నగా ఉన్నాయి. ఎవరిని పిలిచినా నవ్వి జరిగి చోటిస్తున్నారు.

కాఫీ కాచే ఆవిడకి మాత్రం చెవులున్నాయి. "మీరు చెవులతోనే వచ్చేసేరేంటండీ?" అంటుంది.

"మా ఆయన తనిలో నేను లేవనండి."

"మరిప్పుడు లేచొచ్చేసేరు కదండీ."

హైమావతి సిగ్గుతో వెనక్కి పరిగెడుతుంది. ఈసారి స్తంభాలే పక్కకి జరుగుతాయి.

కామేశానికి ఇప్పుడు అరచేతులే మిగిలాయి. వాటితోనే వాయిస్తున్నాడు. చప్పుడు ఇంకా శుద్ధంగానే ఉంది.

"ఎవరూ రాలేదా?" అంటాడు చెయ్యి ఆపకుండా.

"వాళ్ళకి వినపడట్లేదండీ. ఆపెయ్యండి. చేతులు చూసుకున్నారా?"

"ఎత్తుకోకుండా ఆపితే పాట గాల్లో ఉండిపోతుంది హైమా. పాపం కదూ."

"నేను ఎత్తుకుంటాను."

ఆయన వాయిస్తూనే ఆమె వైపు తిరుగుతాడు. "నీకీ పాట వచ్చా?"

"నన్ను చూసుకోడానికి వచ్చిన రోజున మీరు విన్నది ఇదే. విన్నాకే చేసుకుంటానన్నారు. మళ్ళీ ఒక్కనాడు అడిగారా?"

కామేశం నిజాయితీగా ఆలోచిస్తాడు. "ఇంట్లో రోజూ సాధన ఉండేది కదా. ఖాళీ లేకపోయింది."

ఆమెకి కోపం వస్తుంది. ఆ అరచేతులు చూశాక కోపం పోయి జాలి మిగులుతుంది. వేదికెక్కి, గాయకుడి చెవుల్ని కొంగుతో జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, ఆయన చోట కూర్చుంటుంది. గొంతులో ఏం మిగిలిందో ఆమెకే తెలియదు. భయమేస్తుంది. ఎదురుగా కుర్చీల్లోని చెవులన్నీ మెల్లగా ఆమె వైపు తిరుగుతాయి.

కామేశం ముక్తాయింపు మొదలుపెడతాడు. అది పూర్తయ్యేసరికి చేతులు మణికట్టు దగ్గర ఆగిపోయి ఉన్నాయి. హైమావతి పల్లవి ఎత్తుకుంటుంది. మొదటి మాట బొంగురుపోతుంది, రెండోది సరైన చోట పడుతుంది. కామేశం ఆగుతాడు. ఆగనిచ్చినందుకు ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

కానీ పాట నడవాలంటే మృదంగం ఉండాలి. ఆయనకి చేతుల్లేవు. కాసేపు చూసి, మోచేతులతో మృదంగాన్ని నిలబెట్టి, నల్లటి మచ్చ ఉన్న వైపుకి ఛాతీ ఆనిస్తాడు. గుండె చప్పుడు తోలులోకి దిగుతుంది. ఆమె పాట వెనకాలే నడుస్తుంది, ఎక్కడా ముందుకి పోదు. తన పాటకి ఆయన వాయించడం ఇదే మొదలని హైమావతికి తెలుస్తుంది. ఏడుపొస్తే పాటలోనే మింగుతుంది.

అనుపల్లవిలో తోలు మీద సన్నగా వెంట్రుకలు మొలుస్తాయి. మృదంగానికి బిగించి ఉన్న తోలు వారులు ఒక్కొక్కటే వదులై, నరాలై, లోపలికి పోతాయి. కామేశం, మృదంగం ఉన్న చోట చొక్కా, కండువా మాత్రమే ఉన్నాయి. వాటి మధ్య నుంచి, నుదుట గుండ్రటి నల్లమచ్చతో, ఒళ్ళంతా తడిగా, ఒక లేగదూడ లేస్తుంది.

దాని కాళ్ళు వణుకుతున్నాయి. ఆమె దీర్ఘం తీస్తే నిలబడుతుంది. ఊపిరి కోసం ఆగితే మోకాళ్ళ మీదికి ఒరుగుతుంది.

హైమావతి ఊపిరి తీసుకోవడం మానేసి చరణం ఎత్తుకుంటుంది.