నోరు తిరగని దేశం

చెప్పండి, మీరేం చూశారు? నడినెత్తిన ఎండ మండుతుంటే, పరుపుల కార్ఖానా గుమ్మంలో ఒక మనిషి మీద మాత్రం సన్నగా జల్లు పడటం చూశారా లేదా? ఆ వీధిలోంచే మీరు రోజూ బస్సుకు వెళ్తారు. అతని దగ్గరికి వచ్చేసరికి మీ బట్టలు తడవకుండా ఓ అడుగు ఎడంగా జరిగేవారు. జరిగారంటే చూసినట్టే. ఇక బుకాయించకుండా వినండి.

కార్ఖానా పొద్దున్నే తెరుస్తారు. ఇద్దరు దూది ఏకుతారు, ఒకతను గలీబులు కుడతాడు. నింపిన పరుపును బల్ల మీద పరిచి దబ్బనంతో దారం వేసే పని అక్కది. అక్కంటే అందరికీ అక్కే, పదేళ్ళు పెద్దయిన మేస్త్రీకి కూడా. ఆ పని ఒంటరిగా అయ్యేది కాదు. ఒకరు పైనుంచి గుచ్చితే ఇంకొకరు అడుగు నుంచి లాగి మళ్ళీ పైకి గుచ్చాలి. చేతులు కుదరకపోతే దబ్బనం వేళ్ళలో దిగుతుంది. బల్లకు అటువైపు నిలబడటానికి వచ్చినవాడే పరదేశి.

వచ్చిన రోజు మేస్త్రీ అడిగాడు. "ఏ దేశమోయ్ నీది?"

అతను చెప్పాడు.

"అంత పేరు నాకు నోరు తిరగదు," అని మేస్త్రీ ఆ దిక్కునే ఎక్కడో ఉన్న ఇంకో దేశం పేరు చెప్పాడు. "అదేగా?"

"కాదండీ. అది సముద్రంలో దీవి. మాది కొండల మీద. మాకు వానే తక్కువ."

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి. మీరంతా ఒకే పోలిక. ఇకనుంచి నీ పేరు అదే. పో, ఆ బల్ల దగ్గర నిలబడు."

ఆ దీవి పేరు పెట్టి మేస్త్రీ పిలవగానే పరదేశి భుజాల మీద నాలుగు చినుకులు పడ్డాయి. అక్కడ ఏడాది పొడుగునా వానే మరి. గలీబులు కుట్టే అతను తలెత్తి చూసి, "దూది కాస్త ఇటు జరపండి, తడుస్తుంది," అన్నాడు. దాని గురించి ఆ రోజు ఎవరైనా అన్న మాట అదొక్కటే.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. నోరు తిరగదట. అదే మేస్త్రీ పొద్దున లేచిన దగ్గర్నుంచి తిట్టే తిట్లన్నీ ఏ నోటితో తిరుగుతున్నాయి? అప్పులవాడి ఇంటి పేరు, లాటరీ కంపెనీ పేరు, పొరుగింటి కుక్క జాతి పేరు, అన్నీ తిరుగుతాయి. మనిషి పుట్టిన నేల పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుక మడతపడుతుంది.

కొన్నాళ్ళు పరదేశి ఓపిగ్గా సరిదిద్దాడు. సరిదిద్దినప్పుడల్లా వాళ్ళు నవ్వారు. తర్వాత మానేశాడు. మధ్యాహ్నానికి కార్ఖానా అంతా ఆ దీవి పేరు అరుస్తుండేది, చినుకు కాస్తా జల్లయ్యేది. తడిసిన దూది ముక్కిపోతోందని మేస్త్రీ అతన్ని గుమ్మంలోకి నెట్టాడు. అక్క బల్ల అటు చివర పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్ళింది. సగం బల్ల కప్పు కింద, సగం వానలో.

ఎదురుగా టీ కొట్టు. ఆ కొట్టామె మేడ మీది గదిలోనే పరదేశి అద్దెకు ఉండేవాడు. ఆమె ఇంకో రకం. ఎవరు చెప్పారో ఏమో, అతన్ని ఓ ఇసుక దేశం పేరుతో పిలిచేది. పిలిస్తే చాలు, వేడిగాలి కొట్టి అతని బట్టలు గలగలలాడేలా ఆరిపోయేవి. కాకపోతే టీలో ఇసుక పడేది. విరామం దొరికితే పరదేశి పరుగున వెళ్ళి ఆమె ముందు నిలబడేవాడు.

"ఒక తప్పు తడుపుతుంది, ఇంకో తప్పు ఆరేస్తుంది," అనేది అక్క. "నీ సంసారం బానే సాగుతోంది తమ్ముడూ."

"దీన్ని సంసారం అనరక్కా. చాకిరేవు అంటారు."

ఒకరోజు దారం ముడేస్తూ అక్క అడిగింది. "అసలు పేరేంటో చెప్పు, నేనంటాను."

చెప్పాడు. మొదటి ముక్క గొంతు అడుగు నుంచి రావాలి, రెండోది పళ్ళ సందున జారాలి, చివరిది కాస్త సాగాలి. అక్క సగం పలికేసరికి అతని నుదుటి మీద అరచేయంత ఎండ పడింది. చల్లటి కొండ ఎండ. మిగతా సగం తప్పింది, ఎండ పోయింది.

"వద్దులే," అంది. "నేను తప్పు పలికితే నీ నెత్తిన రాళ్ళవాన పడుతుందేమో. తమ్ముడూ అంటే సరిపోదూ?"

"సరిపోతుందక్కా." దారం లాగి అన్నాడు. "మా ఊళ్ళో మీ దేశం మనిషి ఒకాయన ఉండేవాడు. గడియారాలు బాగుచేసేవాడు. మేమంతా ఆయన్ని ఏదో చలి దేశం పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఎండాకాలంలోనూ ఆయన మీద మంచు కురిసేది. గడియారాల్లోకి చెమ్మ దిగుతోందని జనం పనివ్వడం మానేశారు."

"నువ్వేమని పిలిచావు?"

"నేనూ అలాగే పిలిచానక్కా. అందరూ పిలుస్తుంటే."

అక్క దబ్బనం గుచ్చింది. అతను లాగాడు.

వానాకాలం వెళ్ళిపోయింది గానీ అతని మీద వాన వెళ్ళలేదు. దగ్గు పట్టుకుంది. దగ్గుతూ గుచ్చితే దబ్బనం రెండుసార్లు అక్క వేళ్ళలో దిగింది. ఆమె అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గుమ్మం దగ్గర నర్సు అతని బట్టలు చూసి చీపురు తెమ్మని కేకేసి, "ఏ దేశం?" అని అడిగింది.

పరదేశి నోరు తెరిచాడు. వెనక వరసలో ఎవరో, "కానివ్వవయ్యా, నిలబడి కాళ్ళు పీక్కుపోతున్నాయి," అన్నారు. అతను వెనక్కి చూశాడు, అక్కవైపు చూశాడు. అక్క గొంతులో ఆ పేరు సగం ఉంది. అందరి ముందూ తప్పు పలుకుతానేమోనని సిగ్గుపడి మింగేసింది.

పరదేశి దీవి పేరు చెప్పాడు. తన నోటితో తాను చెప్పడం అదే మొదలు.

వాన ఆగిపోయింది. చొక్కా ఆరడం మొదలైంది.

"ఇదేంట్రా, మందు లేకుండానే కుదిరింది," అంది అక్క.

అతను ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "లేదక్కా. ఇప్పుడు లోపల పడుతోంది."

డాక్టరు వీపు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. రేకుల మీద వాన చప్పుడు. "బయట పడేదానికైతే గొడుగు వేసుకోమనేవాణ్ణి," అన్నాడు. "దీనికి నా దగ్గర ఏమీ లేదు."

మేస్త్రీ మాత్రం సంతోషించాడు. "చూశావా, ఒప్పేసుకుంటే గొడవే లేదు. ఇన్నాళ్ళూ ఊరికే మొండికేశావు," అని బల్లను తనే లోపలికి లాగించాడు. పొడి చొక్కా వేసుకుని పరదేశి వారం తిరక్కుండా మంచం పట్టాడు. టీ కొట్టామె పైకెళ్ళి మంచం పక్కన నిలబడి ఇసుక దేశం పేరు గట్టిగా అరిచింది, ఆరుతుందేమోనని. ఇసుకా లోపలికే పోయింది. అప్పట్నుంచి దగ్గితే బురద పడేది.

సెలవు రోజు పొద్దున అక్క వెళ్ళేసరికి అతని గొంతులో గురక కాదు, గుడగుడ. పెదవి కొసన నీటి ధార. కళ్ళు తేలేశాడు. అక్క తలుపు మూసి, మంచం కోడు పట్టుకుని కూర్చుని, సిగ్గు విడిచి ఆ పేరు పలికింది. తప్పింది. మళ్ళీ పలికింది. అతను కళ్ళు మూసుకుని వేలెత్తాడు.

"చివర... సాగాలక్కా."

సాగదీసింది. గది నిండా ఆ చల్లటి ఎండ వచ్చి పడింది. గోడలకు ఎండుగడ్డి వాసన. పెదవి మీది ధార ఆగింది. అతను ఊపిరి పీల్చుకున్నాడు, నిండుగా, ఎన్ని నెలల తర్వాతో.

అక్క మంచినీళ్ళు తాగడానికి ఆగింది. గుడగుడ మళ్ళీ మొదలైంది.

అప్పుడర్థమైంది ఆమెకు. ఊరి నోళ్ళన్నీ కలిసి పోసిన నీళ్ళు ఒక్క నోటితో ఆరవు. మధ్యాహ్నం దాకా ఆపకుండా పలికింది. గొంతు బొంగురుపోయింది. టీ కొట్టామె వచ్చి, "నా వల్లవుతుందా అమ్మా," అంటూనే పక్కన కూర్చుంది. ఎన్నిసార్లు తప్పిందో, ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకుందో, చివరికి పట్టుకుంది. కానీ ఆమె ఆయాసం మనిషి. "తొందరగా ఎవరినైనా పంపించు," అంది, రెండు పిలుపుల మధ్య.

అక్క వీధిలోకి వచ్చి మొదట మేస్త్రీ ఇంటికి వెళ్ళింది.

"సెలవు రోజు పాఠాలేంటి అక్కా? రేపు కార్ఖానాలో చూద్దాం," అని మేస్త్రీ తలుపు వేసుకున్నాడు.

పక్కింటివాళ్ళు పాపం మంచివాళ్ళే. "ఆ కార్ఖానా అతనా? ఏ దేశమో మాకెందుకు తెలీదు," అని దీవి పేరు చెప్పారు. మేడ మీద అతను ఒక్కసారిగా దగ్గాడు. వీధి చివరిదాకా వినపడింది.

ఆ తర్వాత ఆమె ఎవరినీ ముందుగా నోరెత్తనివ్వలేదు. తలుపు తీయగానే చెయ్యి అడ్డం పెట్టి, తనే పలికి చూపించేది. కొందరు నవ్వారు. కొందరు ఇంట్లో పిల్లలకు జ్వరం అన్నారు. ఒకాయన ప్రయత్నించాడు కూడా, రెండో ముక్క దగ్గర విసుగుపుట్టి మానేశాడు.

పొద్దు వాలుతుండగా మీ తలుపు కూడా తట్టింది. అప్పటికి ఆమెకు గొంతే లేదు. పెదవులు కనపడేలా, నెమ్మదిగా, మూడు ముక్కలూ విడివిడిగా పలికి, ఇప్పుడు మీరనండి అన్నట్టు మీ మొహంలోకి చూసింది. మీరేమన్నారు?