మేస్త్రీ జేబులోని తాళపుచెవి

మార్గశిరమాసారంభమున గోదావరీ డెల్టాయందు రొయ్యలచెరువులలో తిరుగు గాలిచక్రముల నురుగును గట్లపై వ్రాలిన మంచును ఏకమై ఏది నీరో ఏది పొగమంచో తెలియరాని వేకువజామున, రొయ్యమేత కంపుతో బరువెక్కిన గాలిని చీల్చుకొనుచు పసుపుపచ్చని వ్యాను వచ్చి పేట మలుపున నిలుచుట నిత్యకృత్యము. ఐసునీటిలో నాని నాని గోళ్లచుట్టు చర్మము పాలిపోయిన స్త్రీలు ఇరువదిముగ్గురు అందెక్కి రొయ్యలు ఒలుచు కంపెనీకి పోవుదురు. ఆ మంచు కవులకు రమణీయముగా తోచునేమో, ఆ చేతులకు మాత్రము కాదు.

ఆ యొలుపుబల్లకడ ఆరేండ్లు నిలిచి, పిమ్మట పని మాని, సెల్‌ఫోనులో వీడియోలు చూచియే వెబ్‌సైటు కట్టు విద్య నేర్చిన సువార్త యను యువతి కార్మికసంఘమునకొక వెబ్‌సైటు కట్టెను. గతమాసమున ఐసుగదిలో గ్యాసు లీకైన దినమున తాను కన్నది ప్రతి స్త్రీయు తన పేరిట వ్రాసి పాస్‌వర్డుతో మూసి యుంచవలెను. సోమవారము రానున్న తనిఖీ యధికారి యెదుట అన్నియు ఒక్కుమ్మడి తెఱవబడవలెను. అంతకు ముందే పేరు బయటపడెనా, ఆ మనిషికొఱకు వ్యాను మఱి యాగదు. పని పోయినట్లే.

తాళము మంచిదే. పాస్‌వర్డు జ్ఞప్తియందుండిన గదా! దినమునకు పదిమార్లు సువార్త గుమ్మముకడ ఎవరో ఒకరు నిలుచుచుండిరి. అందఱికన్న తఱచుగా వచ్చునది దీనమ్మ.

"అమ్మాయ్, నిన్న పెట్టింది ఇయ్యాల పోయిందే!"

"పోడానికి అదేవన్నా కోడిపిల్లా పిన్నీ? నువ్వే మర్చిపోయావ్."

"చేతులు మొద్దుబారాక బుర్ర మాత్రం ఏం పంజేసుద్దే?"

ఈ రాకపోకలకు విసిగి వేసారిన సువార్త, శనివారమునాడు, "పాస్‌వర్డు మర్చిపోయారా?" యను సిద్ధసరకు బటను నొకదానిని ఇంటర్నెట్టునుండి తెచ్చి లాగిన్ పెట్టెక్రింద తగిలించెను. అది నొక్కినచో సభ్యురాలి ఫోనునకు ఆఱు అంకెలు వచ్చును. ఆ యంకెలు వేసినవారు క్రొత్త పాస్‌వర్డు పెట్టుకొందురు. ఫోను నెంబర్లందుమా, సంఘపు పాత సభ్యత్వపత్రములనుండి మొత్తముగా అందులో క్రుమ్మరించెను. ఒక్క వరుసయైనను చదివిన పాపమున పోలేదు. బటను నీలవర్ణమున నిగనిగలాడుచుండుట చూచి పీడ విరగడయ్యెనని నిట్టూర్చెను.

మఱునాటి వేకువను వ్యాను మలుపున నిలిచినప్పుడు, సొంత ఫోనులేని దీనమ్మ ఎక్కి కూర్చుండి, పొరుగామె ఫోను పుచ్చుకొని తన పేరున ఆ నీలిబటను నొక్కి అంకెలకై యెదురుచూచెను. చేతనున్న ఫోను పలుకలేదు. వ్యాను ముందుసీటున కూర్చున్న మేస్త్రీ తాతబ్బాయి చొక్కాజేబు టింగుమనెను.

ఆ పేటలోని వాడుక ఇది: ఏ కాగితమునందైనను ఫోను నెంబరను గడి కనబడినచో, ఫోనులేని స్త్రీలు మేస్త్రీ నెంబరే చెప్పుదురు; పనికి పిలుపు వచ్చునది అతనికే గనుక. రేషను సమాచారమైనను ఆసుపత్రి చీటీయైనను అతని జేబుననే టింగుమనును, అతడే వ్యానులో బిగ్గరగా చదివి వినిపించును. ఆనాడును అలవాటుచొప్పుననే చదివెను.

"దీనమ్మగారూ, మీ పాస్‌వర్డు మార్చుకోడానికి... ఏవే దీనమ్మా, పాస్‌వర్డులు పెట్టే అంత గొప్పదానివైపోయావా?"

దీనమ్మకును అలవాటే కొంప ముంచెను. "ఆ అంకెలు నాయేనండి మేస్త్రీగారూ, కాస్త చెప్దురూ!" అని చేయి చాచెను.

అతడు చెప్పలేదు. సందేశమునందున్న వెబ్‌సైటు తెఱచి, అంకెలు తానే వేసి, క్రొత్త పాస్‌వర్డు తానే పెట్టి లోన జొచ్చెను. 'గ్యాసు వచ్చినప్పుడు మేము తలుపు కొట్టాం. మేస్త్రీ తాతబ్బాయి బయటినుంచి గడియ వేశాడు. పెట్టెలు నింపకుండా ఎవరూ బయటికి రాకూడదన్నాడు.' చదువుచుండగా అతని మొగమునందలి నవ్వు చల్లారెను.

"దిగు," అనెను. "ఇంక నీకు కబురు రాదు."

దీనమ్మ దిగి తిన్నగా సువార్త యింటికి పరుగెత్తెను. సంగతి విన్న సువార్త పత్రములు తిరగవేయగా తొమ్మిది పేర్ల యెదుట ఆ నెంబరే కనబడెను. రెండవ పేరున అతడు బటను నొక్కకమునుపే దానిని పెఱికి పాఱవైచి, ఆగ్రహముతో, "అతని నెంబరెందుకిచ్చావ్ పిన్నీ?" అని యఱచెను.

"ఆ బల్లకాడున్నప్పుడు నువ్విచ్చింది ఎవరిదే?"

సువార్త దొంతి అడుగునకు చేయి పోనిచ్చెను. అందు తన పాత పత్రము కూడ నుండెను, దానిపై నెంబరు కూడ అదియే. ఎవరి జేబున టింగుమనునో విచారింపక చేసిన తాళపుచెవి దొంగచేతికి తానై యందించినదే యగును. అట్టి పనికి తొందర యని పేరు పెట్టి తప్పించుకొనుట సిగ్గుమాలిన తనము.

ఆ పగలే ఆమె బటనున్న చోట ఒక్క వాక్యము వ్రాసెను: 'పాస్‌వర్డు మర్చిపోతే నీ బల్లమీద పనిచేసే ఇద్దరిని వెంటబెట్టుకుని రా.' చూచుటకు వికారముగానే యుండెను. సాయంకాలము ముగ్గురు స్త్రీలు వచ్చిరి. ఇద్దఱు మూడవయామె భుజముపై చేతులు వైచి, "ఇది మా బల్లమీది మనిషే, రాసుకో," అనిరి. పని జరిగెను.

దీనమ్మకు క్రొత్త పాస్‌వర్డు పెట్టబోగా ఆమె వలదనెను.

"ఎవరికి తెలీకూడదో వాడికే తెలిసిపోయింది. ఇంక నాకు తాళవెందుకే? తీసెయ్."

"అందరూ చదూతారు పిన్నీ."

"చదవనీ. సోమారందాకా ఆగేదేంటి?"

మఱునాటి వేకువను వ్యాను వచ్చి, మిగిలినవారిని ఎక్కించుకొని, దీనమ్మను మలుపుననే విడిచి మంచులో కలిసి పోయెను. ఎవరును దిగలేదు, దిగిరని వ్రాయుటకు నాకు చేయి రాదు. కాని దారిపొడవున ఆ వ్యానులో దీనమ్మ వ్రాత తెఱచిన ఒక్క ఫోను చేతినుండి చేతికి మాఱుచు ముందుసీటు వెనుకవఱకును వచ్చెను. ఆ వెబ్‌సైటున ఇరువదిరెండు తలుపులు మూసియుండెను. ఇరువదిమూడవది బార్లా తెఱచియుండెను. బయటినుండి గడియ వేయుటకు ఎవరికిని వీలులేని తలుపు అది యొక్కటియే.