పాము చెవులు

పవర్ సప్లైల్లో మా మావయ్యగారికి ఫ్లైబ్యాక్ సర్క్యూట్ అంటే ప్రాణం. ఒక స్విచ్చి, ఒక ట్రాన్స్‌ఫార్మరు, పని అయిపోయింది అంటారు. నేను హాఫ్ బ్రిడ్జి మాటెత్తితే చాలు, "రెండు స్విచ్చులంటే రెండు తలనొప్పులు" అని కొట్టిపారేస్తారు. ఇంటి ముందు గదే మా వర్క్‌షాపు. డిజైను ఆయనది, టెస్టింగు నాది, చివరి మాట ఎప్పుడూ ఆయనదే. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఈసారి చేసింది, నిద్రలో ఊపిరి అందనివాళ్ళు మంచం పక్కన పెట్టుకునే మెషీనుకి పవర్ సప్లై. గోడలోని కరెంటు పొరపాటున కూడా రోగి వైపు రాకూడదు. ట్రాన్స్‌ఫార్మరులో రెండు తీగచుట్ల మధ్య పొర మీద పొర టేపు వేస్తూ ఆయన అన్నారు: "ప్రైమరీ, సెకండరీ వియ్యంకులమ్మా. ఇచ్చిపుచ్చుకోవాలి గానీ ఒకే ఇంట్లో కాపురం పెట్టకూడదు." పగలబడి నవ్వాను. ఆయన చేతి పనికి వంక పెట్టలేం.

సప్లైని మెషీనుకి తగిలించి, మాస్కు పెట్టుకుని నేనే పడుకుని చూశాను. ఊపిరి వదిలినప్పుడల్లా ఫ్యాను నెమ్మదించి లోడు తగ్గుతోంది. స్విచ్చి ఆగి ఆగి కొడుతోంది. దాంతో ట్రాన్స్‌ఫార్మరు పళ్ళు జివ్వుమనేలా కీచుమంటోంది.

"మోగుతోంది మావయ్యా."

"ఎక్కడ? నీవి పాము చెవులు. రేపు శాంపిల్ పంపించేద్దాం."

"దీని పక్కన మనిషి నిద్రపోవద్దూ?"

"నిద్ర సుఖమెరగదని ఊరికే అన్నారా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అమీతుమీ తేల్చుకుందామని వెనకే వెళ్ళాను. ఓవెన్ పని ముగించి బీప్ బీప్‌మంటోంది. దాని పక్కనే కుర్చీలో కూర్చుని, "ఇది అవడానికి ఇంకా ఎంతసేపమ్మా?" అని అడిగారు.

నా కోపం చప్పున చల్లారిపోయింది. భయం వేసింది. ఆయనది మొండితనం కాదు. చెబితే ఆయన మనసు చివుక్కుమంటుంది, చెప్పకపోతే ఆ కీచుతో ఎవరో నిద్రలేక అల్లాడతారు.

చెప్పే బదులు చూపిద్దామనుకున్నాను. ఆయన్ని ముందు గదిలోకి పిలిచి, సప్లైకి ఆసిలోస్కోపు తగిలించి లోడు తగ్గించాను. తెర మీద గీతలు గుంపులు గుంపులుగా విడిపోయాయి. మావయ్య కళ్ళద్దాలు సర్దుకుని వాటి మధ్య దూరం చూశారు.

"తొమ్మిది కిలోహెర్ట్జ్. ఇది చెవికి అందాలే!"

"అందుతోంది మావయ్యా."

ఆయన వంగి పెట్టె దగ్గర చెవి పెట్టారు.

"ఇప్పుడూనా?"

"ఇప్పుడూ."

  తర్వాత ఆయనే స్విచ్చి ఆపి, తెల్ల కాగితం, పెన్సిలు నా ముందుకి జరిపారు.

"ఆ హాఫ్ బ్రిడ్జి సంగతేంటో మొదట్నుంచి చెప్పు."

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఆయన కుర్చీ నా పక్కకి లాక్కున్నారు.

"కాస్త గట్టిగా చెప్పమ్మా."