ఐదు కుర్చీల లెక్క

'ముఖ్యమే గానీ అత్యవసరం కాదు.' ప్రజారోగ్య పరిశోధనలకి నిధులిచ్చే సంఘం రెండేళ్ళు వరసగా పిన్ని దరఖాస్తు మీద రాసి పంపిన మాట అదొక్కటే. రెండోసారైతే కొత్తమాట వెతికే ఓపిక కూడా లేకపోయింది వాళ్ళకి, పాత ఉత్తరంలోనే తేదీ మార్చి పంపేశారు. పిన్ని ఆ రెండింటినీ తన గది తలుపుకి లోపలివైపు అంటించుకుంది, రోజూ చూసి ఒళ్ళు మండించుకోవడానికి.

పిన్ని అంటే అందరికీ పిన్ని కాదు, పిచ్చుకకి పిన్ని. పిల్లల నరాల డాక్టరు. టిక్స్ ఉన్న పిల్లల మీద పరిశోధన చేస్తుంది. కళ్ళు టపటపలాడటం, భుజం ఎగరడం, గొంతులోంచి ఏదో చప్పుడు రావడం, ఇవే టిక్స్. పిల్లలు కొంటెతనానికి చేసేవి కావు, దురదలాగా లోపలినుంచి తోసుకొస్తాయి. పిచ్చుక ఆవిడ అక్క కూతురు, పద్నాలుగేళ్ళది. దానికి భుజం ఎగురుతుంది, మధ్యమధ్య 'కీచ్' మంటుంది. బడిలో ఎవరో ఏదో పేరు పెట్టేలోపు తనే పిచ్చుక అని పెట్టేసుకుంది. ముందుచూపు గల పిల్ల.

అయినా ఏం లాభం? లెక్కల మాస్టారు దాని బెంచీని తీయించి వరండాలో వేయించాడు. "మిగతావాళ్ళకి ఇబ్బందమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా. నాలుగు నెలలుగా పిచ్చుక లెక్కలన్నీ కిటికీలోంచే నేర్చుకుంటోంది. నిధులొస్తే ఆ బడితో మొదలుపెట్టి పన్నెండు బళ్ళలో పిల్లలకి టిక్స్‌ని తట్టుకునే సాధన, టీచర్లకి శిక్షణ. రాకపోతే బెంచీ వరండాలోనే.

మూడో ఏడు సంఘం ముందుకి వెళ్ళే రోజున పిచ్చుక కూడా చెప్పులేసుకుంది.

"నేనూ వస్తా పిన్నీ, ఫైలు మోస్తా."

"ఫైలు మోయడానికా, బడి ఎగ్గొట్టడానికా?"

"రెండూ చేస్తాగా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పిన్ని పనంతా గీతల మీద నడుస్తుంది. ఒక్కో బిడ్డనీ పది నిమిషాలు వీడియో తీస్తారు. ఇద్దరు విడివిడిగా కూర్చుని ప్రతి కదలికకీ ఒక గీత గీస్తారు, ఇద్దరి గీతలూ కలిస్తేనే అది లెక్క. కొత్తగా చేరినవాళ్ళకి పిల్లల వీడియోలు ఇవ్వరు, ముందు టీవీలో వార్తలు చదివేవాళ్ళ మీద చెయ్యి తిప్పుకోవాలి. సెలవుల్లో పిచ్చుక కూడా సరదాకి ఆ వార్తలవాళ్ళ మీద పడి, జీతం తీసుకునేవాళ్ళని మించిపోయింది.

సంఘం గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక ఐదు కుర్చీలు, ఐదుగురు పెద్దలు. పిన్ని కంటే ముందు ఎవరో దోమల గురించి మాట్లాడుతున్నారు. ఆ పది నిమిషాలూ పిచ్చుక గది వెనక బెంచీ మీద కూర్చుని తలెత్తుతూ దించుతూ ఏదో రాసుకుంది. పిల్ల బుద్ధిగా నోట్సు రాసుకుంటోందని పిన్ని మురిసిపోయింది.

పిన్ని వంతు వచ్చింది. అంతా విన్నాక ఒకటో కుర్చీలో ఉన్న అధ్యక్షుడు పెదవి విరిచాడు. "పెద్దయ్యాక చాలామందికి తగ్గిపోయేవే కదమ్మా? కాస్త మనసు పెడితే ఆపుకోవచ్చు కూడానూ. సరే, లెక్క ఎలా కడతారో ఒక నమూనా చూపించండి."

పిన్ని చెయ్యి వెనక్కి చాచింది. పిచ్చుక ఫైలు అందించింది. పిన్ని పైనున్న కాగితం తీసి, అదేమిటో చూడకుండానే అధ్యక్షుడి చేతిలో పెట్టింది. ఆయన పైకే చదివాడు.

"ఒకటో కుర్చీ, పెన్ను టకటకలాడించడం, అరవై ఒకటి. రెండో కుర్చీ, ముక్కు రుద్దుకోవడం, పంతొమ్మిది. మూడో కుర్చీ, కళ్ళజోడు పైకి తోసుకోవడం, నలభై. నాలుగో కుర్చీ, కాలు ఊపడం, లెక్కకి అందలేదు. ఐదో కుర్చీ, గొంతు సవరించుకోవడం, ఇరవై ఆరు." ఆయన మొహం జాలితో మెత్తబడిపోయింది. "పది నిమిషాల్లోనే! అయ్యో పాపం, ఈ ఒకటో కుర్చీ పిల్లాడు ఎలా చదువుకుంటున్నాడమ్మా?"

"నాలుగో కుర్చీ బిడ్డకైతే వెంటనే వైద్యం అందాలి" అన్నాడు నాలుగో కుర్చీలోని ఆయన, బల్ల కింద కాలు ఊపుతూ.

పిన్నికి అప్పుడర్థమైంది. వెనక్కి తిరిగి చూసింది. పిచ్చుక కిటికీలోంచి ఏదో మహా ముఖ్యమైన మబ్బుని చూస్తోంది.

నోరు మూసుకుంటే నిధులు వచ్చేలా ఉన్నాయి. మూసుకో, మూసుకో అని పిన్ని తనకి తనే నచ్చజెప్పుకుంది. వరండాలో బెంచీని కూడా తలుచుకుంది. కానీ ఇరవై ఏళ్ళు గీతలు సరిచూసిన మనిషి, తప్పు లెక్కని చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"క్షమించాలండీ. అది పిల్లల లెక్క కాదు. ఈ గదిలో లెక్క. ఆ కుర్చీలు మీవే."

పెన్ను ఆగిపోయింది. మూడో కుర్చీ ఆవిడ చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళి గాల్లోనే నిలబడిపోయింది. ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి 'కీచ్' మని వినబడింది.

"ఎవరు రాశారిది?"

"నేనేనండీ" అని పిచ్చుక లేచింది. "మీవి టిక్స్ కావులెండి, ఉత్త అలవాట్లు. కంగారుపడకండి. కానీ మనసు పెడితే ఆపుకోవచ్చన్నారు కదా. ఓ ఐదు నిమిషాలు ఆపుకుని పిన్నిని ప్రశ్నలడగండి."

పిన్నికి ఆ బల్ల కింద దూరిపోవాలనిపించింది. కానీ అధ్యక్షుడికి పౌరుషం వచ్చింది. "ఓస్, అదెంత పని!" అని పెన్ను పక్కన పెట్టేశాడు. మిగతావాళ్ళూ బిగుసుకుని కూర్చున్నారు. రెండో నిమిషానికి ఐదో కుర్చీ ఆయన మొహం కందగడ్డయింది.

"అయితే డాక్టరుగారూ, ఈ శిక్షణలో... ఈ శిక్షణలో..." అధ్యక్షుడి చూపు పెన్ను మీదే ఉంది. "ఏదో అడగబోయానమ్మా. పెన్ను ముట్టుకోకూడదన్న ధ్యాసలో పడి మర్చిపోయాను."

"నాకు లెక్కల పీరియడంతా అంతేనండీ" అంది పిచ్చుక. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "ఆపుకుంటే మాస్టారు చెప్పేది బుర్రకెక్కదు. పాఠం వింటే కీచ్ మంటాను. కీచ్ మంటే వరండా."

నలభై పేజీల దరఖాస్తులో ఈ మూడు ముక్కలు రాయలేకపోయినందుకు పిన్నికి తన మీద తనకే కోపం వచ్చింది.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది, మంజూరు. అడుగున చేత్తో రాసిన ఒక వాక్యం ఉంది. 'ఒకటో కుర్చీ లెక్క తక్కువ పడింది, ఇంట్లో ఇంకా ఎక్కువేనని మా ఆవిడ అంటోంది.' తలుపు మీద పాత ఉత్తరాలు రెండూ చించేసి పిన్ని దీన్ని అంటించింది.

టీచర్ల శిక్షణలో మొదటి రోజున, మాటిమాటికీ సుద్దముక్క ఎగరేసి పట్టుకునే అలవాటున్న లెక్కల మాస్టారు అది ఎగరేయకుండా పది నిమిషాలు పాఠం చెప్పాల్సి వచ్చింది. రెండో నిమిషంలోనే ఏడెనిమిదులు ఎంతో మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా వరండాలోకి వెళ్ళి, బెంచీని తనే పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. బండల మీద అది 'కీచ్' మని గది అదిరేలా అరిచింది. పిల్లలందరూ గిరుక్కున పిచ్చుక వైపు తిరిగారు.

"ఈసారి నేను కాదు" అంది పిచ్చుక. "మాస్టారు."