ఇక ఉప్పు వేయొచ్చు

ఆ ఆసుపత్రిలో గుండెజబ్బుల వార్డుకు వచ్చినవాళ్లెవరికీ ఆమె పేరు తెలియదు. ఉప్పుపోలీసంటే మాత్రం అందరికీ తెలుసు. రోగులకు, వాళ్ల వెంట వచ్చినవాళ్లకు ఏం తినాలో ఏం తినకూడదో చెప్పడం ఆమె ఉద్యోగం. రోజూ పొద్దున్నే వార్డు మధ్యలో నిలబడి, "ఉప్పు తింటే ఒంట్లో నీరు చేరుతుంది. నీరు చేరితే గుండె మొయ్యలేదు. తగ్గింది కదా అని మళ్లీ మొదలెట్టకండి. ఈ పథ్యం జన్మంతా!" అని గొంతు చించుకునేది. అందరూ బుద్ధిమంతుల్లా తలలూపేవారు. ఆమె అటు తిరగడం ఆలస్యం, దిండ్ల కింద నుంచి చిప్స్ పొట్లాలు బయటికొచ్చేవి.

ఆ దొంగలందరికీ పెద్దదిక్కు ఆమె సొంత అన్న. మోటార్లకు వైండింగ్ చేసే మేస్త్రీ. నోరు తెరిస్తే హాస్యమే. గుండె సరిగ్గా పంపు చేయడం లేదని డాక్టరు మొదటిసారి చెప్పినప్పుడు, "పంపే కదండీ, మా షాపుకి పంపండి, సాయంత్రానికి కొత్త తీగ చుట్టి ఇచ్చేస్తా" అన్నాడు. చొక్కా జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని తిరిగేవాడు. ఓసారి చెల్లెలు ఆ పొట్లం పట్టుకుని, అన్నను అందరి ముందూ కడిగి పారేసింది.

"ఉప్పు మానెయ్ అన్నయ్యా, పదేళ్లు ఢోకా లేకుండా బతుకుతావు."

"చప్పిడి కూడు తింటూ పదేళ్లా? దాన్ని బతుకంటారటే? శిక్ష!"

ఈసారి మాత్రం కాళ్లు వాచి, ఊపిరాడక, ఇద్దరు పట్టుకుంటే గానీ మంచమెక్కలేని స్థితిలో వచ్చాడు. బాగా హడలిపోయాడు. జేబులో పొట్లం తనే తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు.

"బుద్ధొచ్చిందే. నువ్వేం పెడితే అదే తింటా. నాకు చావాలని లేదు."

ఆ ఏడుపేదో ఏడాది ముందు ఏడవకూడదా! చెల్లెలికి కోపమూ జాలీ కలిసి వచ్చాయి.

నాలుగో రోజు పొద్దున డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచాడు. "గుండె ఇక కోలుకోదమ్మా. మందులు పనిచేయడం లేదు. పథ్యం తీసేయండి. ఆయన ఏది అడిగితే అది పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థం ఆమెకు ఒకరు విడమరచి చెప్పక్కర్లేదు. అదే వరండాలో, అదే మాటను గొంతు తగ్గించి ఎంతోమందికి తనే చెప్పింది. కుళాయి దగ్గర మొహం కడుక్కుని ఇటు తిరిగేసరికి వదిన ఎదురుపడింది.

"ఏమన్నారు?"

"ఇక ఉప్పు వేయొచ్చు వదినా" అని మాత్రం అనగలిగింది.

వదిన ముఖం విప్పారింది. "తగ్గిందన్నమాట! ఉండు, ఇంటికెళ్లి నోటికి రుచిగా ఏమైనా చేసుకొస్తా" అంటూ మెట్లు దిగిపోయింది. ఆమెను ఆపి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. దాన్ని పిరికితనమనే అనాలి.

మధ్యాహ్నం వదిన క్యారియర్ విప్పేసరికి, చెల్లెలు అలవాటు కొద్దీ ఆసుపత్రి చప్పిడి అన్నం పళ్లెం పట్టుకొచ్చి పక్కన నిలబడింది. అన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, వెంటనే అరచేతిలోకి ఉమ్మేశాడు.

"ఉప్పేశావేంటే! చంపుదామనా?"

"నన్నంటారేంటండీ? డాక్టరే వేయమన్నాడట. కావాలంటే మీ చెల్లెల్ని అడగండి."

అన్న చూపు పక్క మంచం మీదికి పోయింది. అక్కడి పెద్దాయనకు మొన్న ఏది అడిగితే అది పెట్టమన్నారు. ఆయన సంబరపడిపోయి ఐస్‌క్రీం తెప్పించుకున్నాడు. ఇప్పుడు ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"ఏమే, నాకూ అలాగే చెప్పారా?" అన్నాడు. ఆ గొంతులో హాస్యం మచ్చుకైనా లేదు.

నిజం చెబితే మిగిలిన నాలుగు పూటలైనా రుచిగా తినొచ్చు. కానీ భయంతో ముద్ద దిగదు. చెప్పకపోతే బతుకుతాననే నమ్మకం మిగులుతుంది. ఆ నమ్మకంతోనే చప్పిడి మెతుకులు తింటూ పోతాడు. చెల్లెలికి ఇంకో దారి కనిపించలేదు.

"వదిన పొరపాటు పడింది. నీకు ఉప్పూ లేదు, గిప్పూ లేదు. తగ్గినా సరే, జన్మంతా ఇంతే" అంది కటువుగా.

"హమ్మయ్య!" అన్నాడు అన్న.

వదిన మాత్రం కొయ్యబారిపోయింది. పొద్దున తను విన్నది సరిగ్గానే విన్నానని ఆమెకు తెలుసు. ఆడపడుచు ముఖంలోకి చూసింది. క్యారియర్ మూత పెట్టి, దాన్ని మంచం కిందికి తోసేసింది.

"నాదే పొరపాటండీ. సరిగ్గా వినలేదు" అంది.

చెల్లెలు చప్పిడి అన్నం పళ్లెం అన్న ముందు పెట్టింది. ఆయాసంతో ఆగుతూ, మొహం వికారంగా పెడుతూ, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఖాళీ పళ్లెం ఎత్తి చూపించాడు.

"ఎన్నేళ్లన్నావే?"

"పదేళ్లు అన్నయ్యా."

"ఇంత దిక్కుమాలిన తిండికి పదేళ్లేనా? పదిహేను చెయ్యి."

"సరే, పదిహేను" అంది చెల్లెలు.