చెయ్యి మేస్త్రి

నాలుగో బోల్టు తిరుగుతూనే ఉంది గానీ పట్టడం లేదు.

మేస్త్రి స్పానరు పక్కన పడేసి, పడవ ఇంజను కిందనున్న చెక్కదిమ్మ మీదికి టార్చి వేశాడు. పైకి నల్లగా, గట్టిగానే ఉంది. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే నానిన రొట్టెలోకి దిగినట్టు అరంగుళం దిగింది. దాని మీదున్న నాలుగు రబ్బరు దిండ్లలో రెండు ఏళ్ల తరబడి నూనె తాగి ఉబ్బి, పక్కకి ఒరిగిపోయాయి. ఎడమ పక్క ఇంజను వేలి మందం కుంగి ఉంది.

"ఏం మేస్త్రీ, లోపలే కాపురం పెట్టేశావా?" పై మూతలోంచి ఓనరు తల వంచాడు.

"ఇంకో పావుగంటండీ."

"పొద్దున్నించీ నీ పావుగంటలే మింగుతున్నాం. పైన జనం తినేస్తున్నారు నన్ను."

జనం అంటే అవతలి ఒడ్డున ఫ్యాక్టరీకి వెళ్లే రెండింటి షిఫ్టు వాళ్లు, అరవైమంది. అయిదు నిమిషాలు ఆలస్యమైతే సగం పూట కూలి కోస్తారు. వాళ్లు ఓనర్ని తింటున్నారనడం వట్టి మాట. వాళ్లు తిట్టేది టికెట్ల కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని. ఆ మనిషి మేస్త్రి చెల్లెలు.

మేస్త్రి ఇంజను వేశాడు. గేరు వెయ్యకుండా కాసేపు నడిపితే కుదురుగానే ఉంది. గేరు వేసి వేగం పెంచేసరికి గోడకి వేలాడుతున్న గొలుసు చిటపటలాడింది. అంటే రోగం ఇంజనులో లేదు, దాని వెనకాల ఉంది. ఆపేసి, గేరు పెట్టెనీ నీళ్లలో ఫ్యాను తిప్పే షాఫ్టునీ కలిపే రెండు చక్రాల బోల్టులు విప్పాడు. వాటి సందులోకి సన్నటి రేకుల గేజి పెట్టి నాలుగు పక్కలా చూశాడు. పైన ఒక రేకు పడితే కింద మూడు పడుతున్నాయి. మొన్న పడవని ఒడ్డుకి లాగినప్పుడు, నీళ్లలో చూసే వ్యవధి ఓనరు ఇవ్వక, ఇదే సందుని నాలుగు పక్కలా సమంగా తనే సరిచేశాడు. నలభై ఏళ్ల పడవ ఒడ్డున కూర్చునే తీరు వేరు, నీళ్లలో కూర్చునే తీరు వేరు. నడుం వంగిన ముసలామె మంచం మీద ఒకలా, నడకలో ఒకలా ఉన్నట్టే. షాఫ్టు వరస సరిచెయ్యాల్సింది నీళ్లలో, అదీ ఒక రోజు తేలనిచ్చాక.

ముప్ఫై ఏళ్ల పనిలో ఈ సంగతి అతనికి తెలిసి మూడు నెలలే అయింది. అంతకుముందు అతను గేజి ముట్టి ఎరగడు. అతని గేజి అతని అరచెయ్యే. ఆ రేవులో ఏ పడవ బాగుచేసినా ఆఖర్న మేస్త్రి దిమ్మ మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. "పోవచ్చు" అంటే పోయేది, "ఉండు" అంటే ఆగేది. చెయ్యి మేస్త్రి అనే పేరు అలా వచ్చింది. ఓనర్లకి ఆ చెయ్యంటే మహా ప్రేమ. ఎందుకుండదు? గేజి పెట్టి చూడాలంటే పడవ ఒక రోజు ఆగాలి. చెయ్యికి రెండు నిమిషాలు చాలు. పైగా చెయ్యి కూలి రోజుకి ఏడువందలే.

రెండేళ్ల కిందట ఆ చేతికి పడవలన్నీ మెత్తగా తగలడం మొదలుపెట్టాయి. ఏ ఇంజను మీద పెట్టినా వెన్న మీద పెట్టినట్టే. నా పనితనం ముదిరిందనుకున్నాడు మేస్త్రి. భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ముదిరింది పనితనం కాదు.

నాలుగు నెలల కిందట ఈ పడవే నడినీళ్లలో ఆ చక్రాల బోల్టులు తెగ్గొట్టుకుంది. షాఫ్టు వెనక్కి జారిపోయింది. అది ఉన్న కన్నంలోంచి నీళ్లు తన్నుకొచ్చాయి. డ్రైవరు కిందకి దిగి, కన్నంలో గోనె కుక్కి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. పక్కన పోతున్న సరుకు పడవలోకి డెబ్భైమందీ ఎక్కేదాకా అలాగే కూర్చున్నాడు. చివరికి అతనొక్కడే పైకి రాలేదు. ఆ డ్రైవరు మేస్త్రి చెల్లెలి మొగుడు.

తాగి విపరీతంగా పరిగెత్తించాడని ఓనరు రాయించాడు. ఇంజను బాగుందనడానికి సాక్ష్యం ఎవరు? చెయ్యి మేస్త్రి. పొద్దున నా చేత్తో చూశాను, వణుకు లేదు అని చెప్పాడు. అబద్ధం చెప్తున్నాననుకోలేదు. తప్పు డ్రైవరుదని తేలింది కాబట్టి చచ్చినవాడి కుటుంబానికి చిల్లిగవ్వ రాలేదు. దయతలచి, పైకి తేల్చి బాగుచేయించిన అదే పడవ మీద టికెట్లు కోసే పని ఇచ్చాడు ఓనరు. తాగుబోతు పెళ్లాం అని జనం మొహం మీదే అంటారు. ఆమె తల వంచుకుని టికెట్టు చింపి ఇస్తుంది.

తరవాత నెల రోజులకి పొయ్యి మీది గిన్నె ఉత్త చేత్తో దించి, బొబ్బలెక్కిన అరచేతిని భార్య చూపించేదాకా మేస్త్రికి తెలియలేదు. నరాలు చచ్చిపోయాయన్నాడు డాక్టరు, ముప్ఫై ఏళ్ల ఆ వణుకే తినేసిందన్నాడు. అప్పట్నించీ చొక్కా గుండీలు భార్యే పెడుతోంది. చెల్లెలికి చెప్పమని ఆమె రోజూ పోరుతోంది. రేపు, రేపు అంటున్నాడు.

"ఆఫీసరుగారొచ్చారు. పైకి రాకు, ఆయనే దిగుతారు," అని ఓనరు కేకేశాడు.

పడవల ఆఫీసరు చెమట తుడుచుకుంటూ మెట్లు దిగాడు, వెనకాలే ఓనరు. ఆఫీసరు చేతిలో కాగితం ఉంది. "ఇంకా రెండు పడవలున్నాయయ్యా నాకు. నువ్వు సరే అంటే సంతకం పెట్టేస్తాను. నీ చేతిని మించిన మిషనుందా?"

"దిమ్మలు పుచ్చిపోయాయండి," అన్నాడు మేస్త్రి. "రబ్బర్లు పోయాయి. అవి మార్చి, నీళ్లలోనే షాఫ్టు వరస చూసుకోవాలి. ఆరు రోజులు పడుతుంది."

ఓనరు నవ్వాడు. "నలభై వేల ఖర్చండీ ఆ మాట. చెక్క ముక్కలు దోపి బిగించెయ్ మేస్త్రీ, ఎన్నిసార్లు దోపలేదు? ఇంజను వేసి చెయ్యి పెట్టి చెప్పు, పెద్దాయన వెళ్లాలి." అని ఆఫీసరు వైపు తిరిగాడు. "ఈయన చెయ్యి పెట్టాక తిరుగులేదండీ. అప్పుడూ బాగుందనే చెప్పాడు. ఆ తాగుబోతు వెధవ పరిగెత్తించి చచ్చాడు గానీ."

టికెట్ల కిటికీ సరిగ్గా మూత పక్కనే. పైన చింపుతున్న టికెట్ల చప్పుడు ఆగింది.

మేస్త్రి బోల్టులు బిగించి ఇంజను వేశాడు. గేరు వేశాడు. గొలుసు మళ్లీ గోడని కొడుతోంది. దిమ్మ మీద చెయ్యి ఆనించాడు. ఏమీ లేదు. ఎవరో ఇంకొకరి చెయ్యి అక్కడ పెట్టినట్టుంది.

"నేను చెప్పలేనండి," అన్నాడు. "నా చెయ్యి చచ్చిపోయింది."

"నాటకాలా?" అన్నాడు ఓనరు.

మేస్త్రి ఆ చేతిని పొగ గొట్టం మీద పెట్టాడు. ఆఫీసరుకి ముందు అర్థం కాలేదు. వాసన వచ్చాక "తియ్యవయ్యా! తియ్!" అని అరిచాడు. మెట్ల మీంచి చెల్లెలు ఎప్పుడు దూకిందో, రెండు చేతులా అతని మణికట్టు పట్టి లాగేసింది.

"పిచ్చా అన్నయ్యా నీకు? పిచ్చా?"

అతని మొహంలో నొప్పి లేదు. ఆమె ఆ మొహం చూసింది, అరచేతిలో తెల్లగా లేచిన తోలు చూసింది, మళ్లీ మొహం చూసింది. పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేసింది.

"ఎప్పట్నించి?"

"రెండేళ్లుగా పోతూ వచ్చిందంట. నాకు తెలిసి మూడు నెలలు."

"మూడు నెలలు," అందామె.

"తాగలేదండి మా బావ," అన్నాడు మేస్త్రి ఆఫీసరుతో. "పరిగెత్తించనూ లేదు. వణుకు అప్పుడూ ఉంది. నాకు తెలియలేదంతే. అది రాసుకోండి."

"రాయకండి! వీడికి మతి పోయింది," అని ఓనరు కాగితానికి అడ్డం వచ్చాడు. ఆఫీసరు కాగితం జేబులో పెట్టుకుని పైకి చూశాడు, ఎవరైనా పిలిస్తే బాగుండునన్నట్టు.

చెల్లెలు వాళ్లిద్దర్నీ చూడటం లేదు.

"ఆ రోజు ఆయన నిన్ను అడిగాడా?"

"అడిగాడు."

"ఏమని?"

"కాళ్ల కింద ఏదో తేడాగా ఉంది బావా, ఒకసారి చూడు అన్నాడు. చెయ్యి పెట్టి చూశాను."

"చూసి?"

మేస్త్రి దిమ్మ వైపు తిరిగాడు. ఆమె కదలకుండా నిలబడింది.

"నీ కాళ్లకి వయసొచ్చింది గానీ ఇంజనుకేం రాలేదు, పో బావా అన్నాను. నవ్వాడు. నవ్వి వెళ్లాడు."

చెల్లెలు తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. ఆమె చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని మెట్లెక్కిపోయింది. వెనకాలే "ఏయ్, ఎక్కడికి? కిటికీ దగ్గర కూర్చో!" అంటూ ఓనరూ, అతని వెనక ఆఫీసరూ వెళ్లారు.

మేస్త్రి గేరు తీసి, ఇంజను ఆపే లివరు మీద ఆ చెయ్యే వేశాడు. పట్టు దొరికిందో లేదో కళ్లతో చూసుకుని లాగాడు. ఇంజను ఆగింది. పైన మాటలన్నీ ఒక్కసారిగా వినపడసాగాయి.

"టికెట్లు లేవు. ఎక్కకండి. పడవ పోదు." చెల్లెలు జనం ఎక్కే చెక్క పలకకి అడ్డంగా నిలబడి ఉంటుంది, గొంతు అటునించి వస్తోంది.

"ఆ పిల్లనెవరైనా పక్కకి లాగండ్రా!" ఓనరు.

"పోకపోతే మా పూట కూలి నువ్విస్తావా?" గుంపులోంచి ఎవరో ఆడమనిషి. "నీ మొగుడు పడవ ముంచాడు, నువ్వు మా కూళ్లు ముంచు!"

"ముంచింది ఆయన కాదు."

నీళ్లు పడవ పక్కని కొడుతున్నాయి.

"మరెవరే?" అంది ఆ ఆడమనిషి, ఈసారి కోపంగా కాదు.

కింద మేస్త్రి మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, చెల్లెలి జవాబు కోసం తల పైకెత్తి నిలబడ్డాడు.