ఏసమ్మ సాక్ష్యం

శనివారం మధ్యాహ్నం విశాఖ ఆస్పత్రి నుంచి ఫోనొచ్చేసరికి గ్లోరీ చేపలు తోముతోంది. పొలుసు చేతుల్తోనే ఎత్తింది.

"రిపోర్టులొచ్చాయమ్మా. మీ ఆయనకి వీర్యకణాల తయారీ బాగానే ఉంది, అవి బయటికొచ్చే దారే మూసుకుపోయింది. వృషణంలోంచి సన్నటి సూదితో వాటిని తీసి భద్రపరుస్తాం. తర్వాత మీ అండంతో కలపొచ్చు. సోమవారం రండి," అంది డాక్టరు.

గ్లోరీ పరుగున పోయి మొగుడు బెన్హర్ని వాటేసుకుంది. అతని చెంపకి అంటుకున్న పొలుసు సాయంత్రందాకా మెరుస్తూనే ఉంది.

ఆ సంతోషం అత్త ఏసమ్మ కడుపులో ఆగలేదు. మర్నాడు కోటబొమ్మాళి చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు అందరిముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడింది.

"నా కోడల్లో ఏ లోపమూ నేదు. లోపం నా కొడుకుదే. రేపు సూదితో తీస్తారంట. అందరూ ప్రార్థన సెయ్యండి!"

గ్లోరీకి సిగ్గూ నవ్వూ కలిసొచ్చాయి. వెనక వరసలో ఉన్న ఆమె అన్న, వేను తోలే డేవిడ్‌రాజు మాత్రం నవ్వలేదు. చెల్లెల్ని గొడ్రాలన్న వాళ్లతో రెండేళ్లుగా కలబడి ఓ పన్ను పోగొట్టుకున్నవాడు.

ఆరాధన ముగియగానే మెట్లమీద బెన్హర్ కాలరు పట్టుకున్నాడు.

"ఏటిరా బావా, లోపం నీలో ఎట్టుకుని నా సెల్లిమీదికి తోసేస్తావా?"

మొదటి గుద్దుకే ముక్కు చితికి తెల్లచొక్కా ఎర్రబడింది. రెండోదానికి బెన్హర్ మెట్లమీంచి దొర్లాడు. లేవబోతుంటే డేవిడ్‌రాజు రెండు తొడల మధ్య ఈడ్చి తన్నాడు. బెన్హర్ కనీసం అరవలేకపోయాడు. నోరు తెరుచుకుని మట్టిలో మెలికలు తిరిగాడు.

సూది దిగాల్సిన చోటది. గ్లోరీ ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి, దాని కాలు విరిగేదాకా అన్న వీపుమీద బాదింది. విరిగిన ఆ కాలుతోనే మూతిమీద ఇంకోటిచ్చింది.

"లోపం ఈయన్లో ఉందని ఆర్నెల్ల నుంచీ నాకు తెల్సు! సెప్పొద్దన్నది నేనే! నన్ను గొడ్రాలంటే పడతాను, నా మొగుణ్ణంటే పడనేను!"

డేవిడ్‌రాజు నెత్తురోడే పెదవితో కూలబడ్డాడు.

డాక్టరుకి ఫోన్ చేస్తే, "వాపు పెరిగినా, నొప్పి తగ్గకపోయినా ఈ క్షణమే బయల్దేరండి. తగ్గితే గుడ్డలో చుట్టి ఐసు పెట్టి, పొద్దున్నే స్కానింగుకి తీసుకురండి. అది చూశాకే సూది సంగతి. ఒకటి దెబ్బతిన్నా రెండోదాంట్లోంచి తీయొచ్చేమో," అంది.

సాయంత్రానికి వాపు పెరగలేదు, నొప్పీ కాస్త తగ్గింది.

"ఎలగుంది బావా?" అంది గ్లోరీ, ఐసు గుడ్డ సర్దుతూ.

"ఎడందానికి కోపమొచ్చినాది. కుడిది నిన్ను సూసి సిగ్గుపడతన్నాది."

గ్లోరీ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. గుమ్మం దగ్గర తల వంచుకు నిలబడ్డ అన్నని లోపలికి రమ్మనలేదు.

"రేపు తెల్లారగట్ల నాలుగింటికి వేను తీసుకురా అన్నాయ్. విశాఖదాకా ఒక్క గతుకు తగలనీకుండా తోలాల. అత్తా, నువ్వింట్లోనే ఉండు. ఎవరడిగినా నోరు మెదపకు."